ఈ పంట నా కనుసన్నల్లో

ఒకటో తారీఖు, సోమవారం. తెల్లవారకముందే.

లేచాను! అలారం మోగకముందే లేచాను! ఇలాంటిది మళ్ళీ జరుగుతుందో లేదో తెలియదు కాబట్టి ఎక్కడో ఒకచోట రాసిపెట్టుకోవాలని ఈ డైరీ మొదలుపెడుతున్నాను.

పోయిన పంటలో పక్క మడి బావ మందు ట్యాంకు భుజానికెత్తుకుంటే నేనూ ఎత్తుకున్నాను. ఆయన దించితే దించాను. ఆయన మూడుసార్లు కొడితే నేను నాలుగుసార్లు కొట్టాను. తీరా పంటయ్యాక తెలిసిందేమిటంటే, అందులో ఒకసారి ఆయన ట్యాంకు కారుతోందేమోనని ఉత్త నీళ్ళు పోసి చూసుకున్నాడట. ఇక చాలు. ఈసారి వరి నా కళ్ళ ముందు పెరగాలి.

తీర్మానాలు:
1. రోజూ తెల్లవారగానే మడిలోకి దిగాలి. దుబ్బు దుబ్బునూ పలకరించాలి.
2. ఏ తెగులో తేలాకే మందు. ఒకరిని చూసి కొట్టకూడదు.
3. యూరియా కొలత దాటకూడదు.
4. పైమడి మూలన ఉన్న దిష్టిబొమ్మ చొక్కా చేతిలో కందిరీగలు తుట్టె పెట్టాయి. అది తీసెయ్యాలి. మా ఆవిడ అడిగి అడిగి అలిసిపోయింది.

నాలుగోది ఇవాళే అవగొట్టెయ్యొచ్చు. కానీ మొదటిరోజే అన్నీ చేసేస్తే ఉత్సాహం అయిపోతుంది. రేపు చూద్దాం.

అదే రోజు, సాయంత్రం.

తీర్మానాలు మా ఆవిడకి చదివి వినిపించాను. గిన్నెలు తోముకుంటూ విన్నది. తెల్లవారగానే దిగితే మంచుకి ప్యాంటు మోకాళ్ళదాకా తడిసి బురద అవుతుందనీ, కాస్త ఎండెక్కాక దిగమనీ అంది. ఉతుకుడు తగ్గుతుందని పంటని బలిపెట్టమంటుంది! నేను ఒప్పుకోలేదు.

ఇంకో మాట కూడా అంది. పైమడిలో మాత్రం నన్ను అడుగు పెట్టొద్దంది, తుట్టె కూడా గట్టు మీదనుంచే తియ్యమంది.

పైమడి ఆవిడది. చిన్న మడే, కానీ అందులో ఉన్నది వాళ్ళమ్మ ఇచ్చిన వరి. మా అత్తగారు పోయేముందు ఒక డబ్బాడు గింజలు ఈవిడ చేతిలో పెట్టి, వీటిని పోనివ్వకు అంది. అప్పటినుంచి పంట పంటకీ పెంచి, విత్తనం తీసి, ఆ డబ్బాలోనే దాస్తోంది. గింజ పొట్టిగా, ఎర్రగా ఉంటుంది. ఆ రకం ఇప్పుడు ఇంకెవరి దగ్గరా లేదు. పోయినసారి నేను గట్టు దిగి నాలుగు దుబ్బులు తొక్కిన సంగతి ఆవిడ ఇంకా మర్చిపోలేదు.

సరే అన్నాను.

రెండో తారీఖు, మంగళవారం.

భూతద్దం కొన్నాను. తనిఖీకని ఒక చొక్కా కేటాయించాను, తెల్లది, జేబులున్నది. ఫోన్లో తెగుళ్ళు చెప్పే యాప్ ఎక్కించాను. ఆకు ఫొటో తీస్తే చాలు, జబ్బు పేరు, మందు పేరు, మోతాదు అన్నీ చెప్పేస్తుందట. ఎంత అభివృద్ధి!

మొదటి ఫొటో తీశాను. “గోధుమ మచ్చ తెగులు. తీవ్ర దశ. వెంటనే పిచికారీ చేయండి” అంది. ట్యాంకు కోసం పరిగెత్తబోయాను. మళ్ళీ చూసుకుంటే అది ఆకు పట్టుకున్న నా బొటనవేలు.

గట్టు మీద కూర్చున్న బావ ఇదంతా చూశాడు. వేలికి మందు ఎకరానికి ఎంత పడుతుందని అడిగాడు. నేను పట్టించుకోలేదు. కొత్తగా ఏం చేసినా నలుగురూ నవ్వుతారు.

తుట్టె: ఇవాళ గాలి ఎక్కువగా ఉంది. రేపు.

నాలుగో తారీఖు, గురువారం.

వ్యవసాయ కార్యాలయంలో వరి తెగుళ్ళ బొమ్మల పటం ఇచ్చారు. వంటింటి గోడకి అంటించాను. అన్నం తింటూ చదవొచ్చు.

ఒక్కో తెగులుకి ఎంత చక్కటి పేర్లు పెట్టారో! ఆకు మీద నూలు కండె ఆకారంలో మచ్చ పడి, మంట తగిలినట్టు ఎండితే అగ్గి తెగులు. కాండం చుట్టూ పాము ఒంటి మీద ఉండేలాంటి మచ్చలుంటే పాముపొడ. గింజ బదులు పసుపుపచ్చ ఉండ పుట్టుకొస్తే మానిపండు. ఆకు అంచు తరంగం లాగా పసుపెక్కి కొసనుంచి ఎండుకుంటూ వస్తే ఎండాకు తెగులు. ఏ రకమైన చావుకి ఆ రకమైన బొమ్మ ఉంది.

పొద్దున్నే మడిలోకి వెళ్ళి చూస్తే అన్నీ ఉన్నాయి! పటంలో ఉన్న ప్రతిదీ మా మడిలో ఉంది! పొట్ట కూడా రాని వరిలో మానిపండు కూడా కనిపించింది! పది ఆకులు కోసుకుని ఇంటికి పరిగెత్తాను. మా ఆవిడ ఒక్కొక్కటే తీసుకుని కొంగుతో తుడిచింది. పాముపొడ బురద. మానిపండు పిట్ట రెట్ట. అగ్గి తెగులు మాత్రం కొంగుకి పోలేదు. అది నా బీడీ తగిలిన చోటు.

బీడీ మానెయ్యాలి. అయిదో తీర్మానం.

ఏడో తారీఖు, ఆదివారం.

నన్ను డాక్టరు అంటున్నారు! మొదట వెక్కిరింతగానే అన్నారు, కానీ పేరు పేరే కదా.

ఇవాళ తెల్లవారుజామున బావ స్వయంగా తలుపు తట్టాడు. తన మడిలో ఒక వార ఆకుల కొసలు పసుపెక్కుతున్నాయి, వచ్చి చూడమన్నాడు. నన్ను! బావ! నా ఛాతీ చొక్కా గుండీలకి ఆనింది. మంచు దట్టంగా ఉంది, ఆకులన్నీ తడిసి బరువుగా వాలి ఉన్నాయి. ఈ చివరనుంచి ఆ చివరదాకా నడిచాను. ఆకులు దూసి చూశాను, నలిపి చూశాను, వాసన కూడా చూశాను. పొటాష్ తక్కువైందని తేల్చాను. పొటాష్ అన్న మాటలో ఒక బరువుంది, చెప్పినవాడికి ఎదురు చెప్పలేరు. బావ తలూపాడు.

అటునుంచి అటే మా మడిలోకి దిగి తనిఖీ చేశాను. ఆ తర్వాత, ఎలాగూ తడిశాను కదా, పైమడి కూడా ఒక చుట్టు చూశాను. మా ఆవిడ ఇంకా లేవలేదు. ఊరంతటికీ చూసిపెట్టే డాక్టరు ఇంట్లోవాళ్ళ పంటని చూడకపోతే ఎలా? మధ్యలోనుంచి జాగ్రత్తగా నడిచాను, ఒక్క దుబ్బు కూడా తొక్కలేదు. మూలకి పోబోతే దిష్టిబొమ్మ చేతిలోనుంచి కందిరీగలు ముఖం మీదికి వచ్చాయి. వెనక్కి వచ్చేశాను.

ఆ తుట్టె తీసెయ్యాలి. రేపు ఖచ్చితంగా.

తొమ్మిదో తారీఖు, మంగళవారం.

రోజూ అదే వరస: బావ మడి, మా మడి, పైమడి. ఒకటో తీర్మానం నూటికి నూరుపాళ్ళు నడుస్తోంది. నేను వస్తుంటే వరి దానంతట అదే పక్కకి జరిగి దారి ఇస్తోంది.

బావ మడిలో పొద్దున్నే ఆకుల మీద చిన్న చిన్న పసుపు చుక్కలు కనిపిస్తున్నాయి, పూసల్లా. చేత్తో తుడిస్తే జిగురు. ముచ్చటగా ఉన్నాయి. తనిఖీ చొక్కాకీ ప్యాంటుకీ కూడా అంటుకున్నాయి. మా ఆవిడ ఆ మరకలు ఉతకనంది.

పన్నెండో తారీఖు, శుక్రవారం.

మనసులో మాట రాసుకుంటే తప్పులేదు. దూరంనుంచి చూస్తే రోడ్డవతలివాళ్ళ మడి మా మడి కంటే పచ్చగా ఉంది. రోజూ తెల్లవారకముందే లేచే మనిషి మడి, పొద్దెక్కేదాకా పడుకునేవాళ్ళ మడి కంటే పాలిపోయి ఉంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?

ఒక్క తట్ట. ఒక్క తట్ట యూరియా అదనంగా చల్లాను. ఒక తట్ట అంటే రెండు అనుకోవచ్చు, తట్ట చిన్నది. మూడో తీర్మానం తప్పినట్టు కాదు. కొలత దాటకూడదని రాశాను గానీ కొలత ఎంతో రాయలేదు.

పైమడికి కొంచెం విదిలించాను. పాపం, అదొక్కటే చిన్నబోయి ఉంది.

పదిహేనో తారీఖు, సోమవారం.

ఆకు అంచులు పసుపెక్కాయి. మా మడిలో. తరంగం లాగా.

యాప్‌ని అడిగితే “మీ పంట ఆరోగ్యంగా ఉంది, అభినందనలు” అంది. పటం దగ్గరికి పరిగెత్తాను. అందులో ఒక పరీక్ష రాసి ఉంది: ఆకుని మధ్యలో కోసి, శుభ్రమైన గాజుగ్లాసు నీళ్ళలో ముంచి కాసేపు ఆగాలి. కోసిన చోటినుంచి పాల లాంటి తెల్లటి తీగ కిందికి దిగితే ఎండాకు తెగులు. బ్యాక్టీరియా. పురుగు కాదు, బూజు కాదు.

దిగింది. గ్లాసులో సన్నగా, తెల్లగా దిగింది. చూస్తూ నిలబడిపోయాను. మా ఆవిడ వచ్చి, తను రోజూ మంచినీళ్ళు తాగే గ్లాసు అదేనని చెప్పి, ఇక దాన్ని నన్నే ఉంచుకోమంది.

సాయంత్రం మందుల కొట్టుకి వెళ్ళాను. తెగులు తేలింది కాబట్టి రెండో తీర్మానం ప్రకారం మందు కొట్టొచ్చు. దీనికి గట్టి మందంటూ లేదనీ, నీళ్ళు తీసేసి మడి ఆరగట్టి, యూరియా ఆపడమే దారనీ పటంలో ఉంది. కొట్టాయనకి ఆ మాటే చెప్పాను. ఆయన పెద్దగా నవ్వి, పటాలు పంట పండిస్తాయా అని మూడు సీసాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి పురుగుకి, ఒకటి బూజుకి, ఒకటి బలానికి. ఇందులో బ్యాక్టీరియాది ఏదని అడిగాను. మూడూ కలిపి కొడితే ఏదో ఒకటి తగులుతుందన్నాడు. ఆ మాట ఎందుకో నాకు చాలా ధైర్యం ఇచ్చింది.

పదహారో తారీఖు, మంగళవారం.

తెల్లవారుజామునే మూడూ కలిపి కొట్టాను. ఎండెక్కకముందే పూర్తవ్వాలని మంచులోనే మొదలుపెట్టాను. మడి మొత్తం, ఒక్క సాలు కూడా వదలకుండా తిరిగాను. ఇంత శ్రద్ధగా ఎప్పుడూ కొట్టలేదు.

బావ గట్టు మీదనుంచి చూసి తనూ ట్యాంకు ఎత్తుకున్నాడు. ఎవరిని చూసి ఎవరు కొడుతున్నారో లోకం గమనించాలి.

బీడీ: రెండు. టెన్షన్ వల్ల.

ఇరవయ్యో తారీఖు, శనివారం.

పైమడికి వచ్చింది.

మా ఆవిడే ముందు చూసింది. కలుపు తియ్యడానికి ఎండెక్కాక వెళ్ళి, ఒక ఆకు చేత్తో పట్టుకుని వెనక్కి వచ్చింది. అరవలేదు. గ్లాసు తెచ్చింది, నీళ్ళు పోసింది, ఆకు కోసి ముంచింది. ఇద్దరం వంటింట్లో నిలబడి చూశాం. తెల్లటి తీగ దిగింది. ఆవిడ గట్టు మీదికి పోయి కూర్చుంది, మధ్యాహ్నందాకా లేవలేదు. అన్నం తినమని పిలిచే ధైర్యం నాకు లేకపోయింది.

కోపం వచ్చింది నాకు. ఎవరి మీదో ఒకరి మీద రావాలి కదా. నేరుగా బావ మడికి పోయి, జబ్బు నీళ్ళు మా వైపు వదిలి మా కొంప ముంచావని ఒంటికాలి మీద లేచాను. బావ తన మడి చూపించాడు. సగం ఎండిపోయి ఉంది. నువ్వు చెప్పావని పొటాష్ చల్లుకుంటూ కూర్చున్నానని ఆయన అరిచాడు. చుట్టుపక్కలవాళ్ళు విడదీశారు. డాక్టరు అన్నవాళ్ళే.

ఇరవై రెండో తారీఖు, సోమవారం.

వ్యవసాయాధికారిణి వచ్చింది. మా ఆవిడే ఫోన్ చేసి పిలిపించింది. చిన్నపిల్ల, మా పెద్దమ్మాయి వయసుంటుంది, కానీ మొహంలో నవ్వు లేదు. బావ కూడా వచ్చి కొంచెం ఎడంగా నిలబడ్డాడు. ఇవాళ దోషి ఎవరో తేలిపోతుందని నేను తెల్లచొక్కా వేసుకున్నాను.

ఆ పిల్ల మడిలోకి దిగనే లేదు. మోటారు గది కప్పు మీదికి నిచ్చెన వేయించుకుని ఎక్కింది. మమ్మల్నీ రమ్మంది. ఎక్కాం.

అక్కడినుంచి చూస్తే తెలిసింది. బావ మడిలో జబ్బు ఒక వారనుంచి పరుచుకుని ఉంది. మా మడిలో ఒక పసుపు దారి ఉంది. గట్టు దగ్గర మొదలై, మధ్యలో వంపు తిరిగి, ఒకచోట గుండ్రంగా వెడల్పయి, అక్కడినుంచి పైమడిలోకి ఎక్కింది. గుండ్రంగా ఉన్నది నేను బీడీ కాల్చుకునే చోటు. దారికి రెండు పక్కలా నేను మందు కొట్టిన సాళ్ళలో సన్నగా పసుపు మొదలైంది. పైమడిలో కూడా ఒక చుట్టు, సున్నా లాగా. మూల దగ్గరికి వచ్చి మాత్రం ఆగిపోయింది. దిష్టిబొమ్మ దగ్గర పచ్చగా ఉంది.

పైమడికి నీళ్ళు వేరే తూమునుంచి వస్తాయని మా ఆవిడ చెప్పింది. ఈ నెలలో గాలివాన కూడా లేదని ఆ పిల్ల అంది. నీళ్ళు తేలేదు, గాలి తేలేదు. తడి ఆకుల్లో తిరిగితే జబ్బు ఒంటికీ బట్టలకీ అంటుకుని ఒక దుబ్బునుంచి ఇంకో దుబ్బుకి పోతుందనీ, పొద్దున కనిపించే పసుపు పూసల నిండా అదేననీ చెప్పింది. పైగా అదనపు యూరియా పడ్డ ఆకు మెత్తబడి, జబ్బుని పిలిచి మరీ కూర్చోబెడుతుందట.

తర్వాత అడిగింది: “రోజూ పొద్దున్నే ఈ దారిన నడిచేదెవరండీ?”

నేను మబ్బుల వైపు చూశాను. బావ నా చొక్కా వైపు చూశాడు. మా ఆవిడ ఎవరి వైపూ చూడలేదు. అదే భరించలేకపోయాను. “నేనేనమ్మా” అన్నాను.

బావ నిచ్చెన దిగి వెళ్ళిపోయాడు. ఆయన ఒక్క వెక్కిరింత వెక్కిరించినా బావుండేది.

దిగాక మా ఆవిడ ఒక్కటే అడిగింది, విత్తనానికి ఏమైనా మిగులుతుందా అని. జబ్బు తగిలిన దుబ్బులనుంచి విత్తనం తియ్యకూడదని ఆ పిల్ల ఖచ్చితంగా చెప్పింది. మూల మాత్రం విడిగా కాపాడుకోమంది. కోతదాకా అక్కడ ఒక్క ఆకూ పసుపెక్కకపోతే చూడొచ్చంది.

మూల ఎంతుంది? మంచం పట్టేంత ఉంది.

ఇరవై మూడో తారీఖు, మంగళవారం.

మడి నీళ్ళు తీసేశాం. మా ఆవిడ మూల చుట్టూ తాడు కట్టింది. తాడు కడుతున్నంతసేపూ కందిరీగలు ఆవిడ చుట్టూ తిరిగాయి, ఒక్కటీ కుట్టలేదు.

సిగ్గుగా ఉంది. రాసుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది. కాలు కాలిన పిల్లిలా ఇంట్లోనే తిరిగాను. మా అత్తగారి చెయ్యి గుర్తొచ్చింది, ఆ డబ్బా ఇస్తున్నప్పటిది. దాన్ని ఇన్నేళ్ళు ఒక మనిషి కాపాడితే, నేను భూతద్దం పెట్టుకుని నెల తిరక్కుండా తుడిచిపెట్టేశాను.

సాయంత్రం బావ ఇంటికి వెళ్ళి తప్పు నాదని చెప్పాను. ఆయన మంచం మీద కాస్త పక్కకి జరిగి చోటిచ్చాడు. చివరికి, “ఏం బామ్మర్దీ, నీ బొటనవేలికి తగ్గిందా?” అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

తారీఖు వెయ్యను. మధ్యలో ఒక రోజు.

తీర్మానాలు లేవు. పొద్దెక్కాక లేస్తున్నాను. మడి వైపు పోవడం లేదు. యాప్ తీసేశాను. భూతద్దంతో పేపర్లో రాశిఫలాలు చదువుతున్నాను. బీడీలు లెక్కపెట్టడం లేదు.

కోత రోజు.

మా మడి సగానికి సగం తాలు. బావది అంతకంటే హీనం. ఇద్దరం పక్కపక్కన కూర్చుని, వచ్చే పంటలో ఎవరిని చూసి ఎవరు కొట్టాలో తేల్చుకోలేకపోయాం.

పైమడి మూల మాత్రం చివరిదాకా పచ్చగానే నిలబడి, నిండుగా పండింది. ఆ పిల్ల మళ్ళీ వచ్చి, ఎండెక్కాక వచ్చి, ఒక్కో దుబ్బూ చూసి తలూపింది. మా ఆవిడ కొడవలితో తనే కోసింది. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. నూర్చి, చెరిగి, ఆరబోస్తే డబ్బా నిండలేదు. సగానికి కొంచెం పైన వచ్చింది. పొట్టి ఎర్ర గింజ.

ఇన్నాళ్ళకి నాతో మాట్లాడింది. దిష్టిబొమ్మ వైపు చూపించింది. దానికి తొడిగింది నా పాత నీలం చారల చొక్కా.

“మీ చొక్కా వేసుకున్నవాళ్ళలో వాడొక్కడే కదలకుండా నిలబడ్డాడు,” అంది. “అందుకే ఈ గింజ దక్కింది.”

నేను రోజూ రేపు తీస్తాను, రేపు తీస్తాను అంటూ తియ్యని తుట్టె ఇంకా దాని చేతిలోనే ఉంది. రాసుకున్న తీర్మానాలన్నిటిలో నేను చెయ్యకుండా వదిలేసిన ఆ ఒక్కదాని వల్లే మా అత్తగారి వరి బతికింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. ఆవిడ కూడా కొంచెం నవ్వింది. గింజల వైపు చూసి నవ్విందా, నన్ను చూసి నవ్విందా అని అడగలేదు.

మళ్ళీ ఒకటో తారీఖు. కొత్త పంట. తెల్లవారకముందే.

లేచాను!

నారు మొలిచింది. డబ్బాలో ఉన్న గింజలన్నీ నారుమడిలో పోసింది మా ఆవిడ, దాచుకోవడానికి పిడికెడైనా ఉంచుకోలేదు. భయం వెయ్యదా అని అడిగాను. వేస్తుంది, కానీ డబ్బాలో ఉంటే పెరగదు కదా అంది.

తీర్మానాలు:
1. మంచు ఆరేదాకా గట్టు దిగకూడదు.
2. ఒకరి మడినుంచి ఇంకొకరి మడికి పోయేముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి. బావ మడి కూడా ‘ఇంకొకరి మడి’ కిందికే వస్తుంది.
3. యూరియా ఉన్న గది తాళం మా ఆవిడ దగ్గర.
4. కందిరీగల జోలికి వెళ్ళకూడదు. ఇది మాత్రం పాటించగలను.

తనిఖీ చొక్కా కోసం వెతికితే కనిపించలేదు. బయటికొచ్చి చూస్తే నారుమడి పక్కన రెండో దిష్టిబొమ్మ ఉంది, తెల్లచొక్కాతో. భూతద్దం కూడా మెళ్ళో వేలాడదీసింది.

గట్టు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. మంచు ఇంకా ఆరలేదు. కాలికందే దూరంలో ఒక నారు మొక్క కొస పసుపుగా ఉన్నట్టుంది. బురదే అయ్యుంటుంది. లేదా పిట్ట రెట్ట. దగ్గరికెళ్ళి ఒక్కసారి చూస్తే తేలిపోతుంది. ఒక్క కాలు చాలు.

చెప్పులు విప్పాను. మళ్ళీ వేసుకున్నాను. ఎండ వచ్చేదాకా కాళ్ళు రెండూ గట్టు మీదికి లాక్కుని, మోకాళ్ళు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.